ఉ-62

నీళ్లొస్తయని చెప్పిన ఏడాది
నా చేతికి ఒక బ్రష్షు, తెల్లరంగు డబ్బా ఇచ్చిండ్రు.
రోజుకు ఎనిమిది రూపాయలు.
గుడి రాయి రాయికీ నంబరు రాయాలె.

నాకు అక్షరాలు అంతంత మాత్రం.
కొల్లాపురం సంతల ఎడ్ల కొమ్ములకు రంగులేసినోణ్ణి.
ఓవర్‌సీర్ మునీరుద్దీన్ సాబ్
పలక మీద రాసి చూపెట్టేటోడు:
తూర్పుకు తూ,
ఉత్తరానికి ఉ,
గర్భగుడికి గ.
నంబరు తప్పితే దేవుడు తలకిందులైతడు మద్దిలేటీ,
అని నవ్వేటోడు.

అప్పటిదాక మావోళ్లెవరూ
ఆ ప్రాకారం దాటలేదు.
నేను లోపలికి పోయిన దినం
అయ్యగారు గోడకు జరిగి నిలబడ్డడు.
దేవుణ్ణి అప్పటికే బండెక్కించిండ్రు.
ఖాళీ గదిల గబ్బిలాల వాసన.
గ-1 అని రాసిన.
చెయ్యి వణకలేదు,
రంగే కొంచెం కారింది.

మా ఇండ్లకు కూడ నంబర్లు పడ్డయి.
అవి వేరే తీరు.
ఇంటికి ఒక్కటే నంబరు, దాని ఎదురుంగ రూపాయలు.
ఏ రాయి ఏ రాయి మీద కూసుంటదో
ఎవరూ గీసుకోలేదు.

మా అమ్మ సవారమ్మ అడిగింది:
నా జాలారి బండకు ఏం నంబరేసిండ్రు?

నలభై ఏండ్లు ఆ బండ మీదనే మడిమలు రుద్దుకుంది.
అయిదుగురు పిల్లలకు తానం పోసింది,
కిష్ణ చేపల పొలుసు గీకింది.
నడుమ అరచేతంత గుంట.
వాన పడ్డ తెల్లారి
పిట్టలొచ్చి అందుల నీళ్లు తాగేటియి.

ఎండలు ముదిరినంక ఒక లారీ ఒండ్రుల దిగబడి
అరుగు బండ ఒకటి జారి మూడు ముక్కలైంది.
ఉ-62.
సాబ్ రిజిస్టరు మూసి బీడీ ముట్టిచ్చుకున్నడు.
పైకి రాస్తే ఆరు నెలలు పని ఆగుతది.
నీళ్లు ఆగవు గద.

ఆ రాత్రి నలుగురం
గడ్డపారలతోని మా ఇంటికే పోయినం.
అమ్మ చిమ్నీ పట్టుకొని నిలబడ్డది,
ఒక్క మాటా అనలేదు.
బండ లేసినంక
దాని కింది తడి మన్నును కాలితోని సదురు చేసింది,
ఎవరికోసమో.

పొద్దుగాల లారీల బండ ఉన్నది.
దాని మీద నంబరు ఇంకా ఆరలేదు.
సాబ్ టేపు పట్టి కొలిచిండు.
వేలెడు తక్కువ.
నా దిక్కు చూసిండు, నా గోర్ల మట్టి దిక్కు చూసిండు.
రిజిస్టరుల గీటు పెట్టిండు.

ఇప్పుడు గుట్ట మీద గుడి నిలబడ్డది.
ముందట నీలం బోర్డు:
రక్షిత కట్టడం. గీసినా చెక్కినా జైలు, జుర్మానా.
చుట్టూ ముళ్లకంచె, కంచెకు నేను కాపలా.
మా ఊరికి బోర్డు లేదు.
ఏరు గుంజిన ఏడాది గోడల అడుగులు తేల్తయి.
పుట్టి నడిపే పిలగాండ్లు ఆ జాగను
'తెడ్డు తగిలే కాడ' అంటరు.
దానికి మిగిలిన పేరు అదే.

మొన్న కాలేజీ పిల్లలొచ్చిండ్రు.
కండ్లద్దాల పిల్ల మోకాళ్ల మీద కూసొని రాసుకుంది:
పక్క రాళ్లకంటె నలుపు,
తర్వాతి కాలపు మరమ్మతు కావచ్చు,
నడుమ గుంట, అభిషేక జలానికా?
నన్నడిగింది.
తెల్వదమ్మా అన్న.

కార్తీకంల ఆడోళ్లు ఆ గుంటల నూనె పోసి
ఒత్తి ఎలిగిస్తరు.
బండను తొక్కకుంట చుట్టు తిరిగి పోతరు.

అమ్మ ఒక్కసారే ఎక్కింది గుట్ట,
పోయే ముందటి ఏడు.
దేవుని దిక్కు పోలేదు.
ఉత్తరపు అరుగు కాడికి వచ్చి
చెప్పు ఇడిచి
ఎడమ మడిమ గుంటల ఆనిచ్చింది.
సరిగ్గ పట్టింది.
సల్లగుందిరా, అన్నది.

నేను బోర్డు దిక్కు తిరిగి
అప్పుడే చదువుతున్నట్టు నిలబడ్డ.